సైనిక రోగి కోపము - వైద్యశాల ధర్మము

గడ్డిఅన్నారము పేరు చెప్పగనే హైదరాబాదు వాసులకు బత్తాయి గుట్టలు, మామిడి వేలముపాటలు జ్ఞప్తికి వచ్చెడి కాలము కలదు. 1986లో జాంబాగునుండి తరలివచ్చిన పండ్ల మార్కెట్టు మూడున్నర దశాబ్దములు అచ్చట నడచి, పిదప బాటసింగారమునకు పోయినది. ఆ స్థలమున వేయి పడకల ప్రభుత్వ వైద్యశాలకు 2022 ఏప్రిల్ నెలలో శంకుస్థాపన జరిగినది. దిల్‌సుఖ్‌నగరు, సరూర్‌నగరు, ఎల్.బి.నగరు వాసులకే గాక, విజయవాడ రహదారిని, నాగార్జునసాగర్ రహదారిని పట్టి నగరమునకు వచ్చు నల్లగొండ, సూర్యాపేట పల్లెల రోగులకును అది మొదటి గుమ్మము కాదగిన చోటు. ఇట్టి వైద్యశాలలకు అంతస్తులెన్ని, యంత్రములెన్ని, పడకలెన్ని యను లెక్కలు పత్రికలలో తరచుగ వచ్చుచుండును. మేము నేడు అడుగదలచిన ప్రశ్న ఆ లెక్కలలో కానరాదు. కోపముతో ఒడలు మరచి బల్లను గ్రుద్దుచున్న వృద్ధ సైనికుని కడకు ఆ వైద్యశాలలో ఎవరు పోయి మాటలాడుదురు?

సైనికుని ప్రసక్తి ఇచ్చటికేల వచ్చినదని పాఠకులు అడుగవచ్చును. హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరములు సైన్యముతో పెనవేసికొన్నవి. గోలకొండ కడ ఫిరంగిదళ శిక్షణ కేంద్రము కలదు. సికింద్రాబాదున కంటోన్మెంటును, సైనిక వైద్యశాలయును కలవు. అచ్చట కొలువు చేసినవారు అనేకులు పింఛను పుచ్చుకొని ఈ నగరముననే ఇండ్లు కట్టుకొనిరి. ఇక మన పల్లెల మాట. పశ్చిమగోదావరి మండలమున తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరమునకు 'మిలిటరీ మాధవరము' అను పేరే స్థిరపడినది. తెలుగునాట సైన్యమునకు బిడ్డను పంపిన ఊళ్లు మరెన్నియో కలవు.

ఇట్టివారికై కేంద్రప్రభుత్వము 2003 ఏప్రిల్ 1వ తేదీన మాజీ సైనికుల వాటా ఆరోగ్య పథకమును నెలకొల్పినది. ఇ.సి.హెచ్.ఎస్. అను పొడి అక్షరములతో అది అందరకు పరిచితము. మాజీ సైనికుడు సాధారణముగ మొదట ఆ పథకపు పాలీక్లినిక్కునకు పోవలెను. అచ్చటి వైద్యుడు వ్రాసి యిచ్చిన రెఫరల్ కాగితముతో, ఒప్పందము చేసికొన్న ఆసుపత్రికి పోవలెను. ప్రాణాపాయము వచ్చినపుడు మాత్రము దగ్గరనున్న ఏ వైద్యశాలకైనను పోవచ్చును. కావున ఈ ప్రశ్న కంటోన్మెంటు గోడల లోపల ముగియునది కాదు. నగరపు తూర్పు కొననున్న వృద్ధ సైనికునికి అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చినచో ఆయనను ఇంటివారు ఆ పొరుగుననున్న ఆసుపత్రికే కొనిపోవుదురు.

ఒక దృశ్యమును ఊహింతము. డెబ్బదియైదేండ్ల వృద్ధుడు, ఫిరంగిదళమున ఇరువది నాలుగేండ్లు పనిచేసి హవల్దారుగా విశ్రాంతి పొందినవాడు. తెల్లవారక మునుపే ఇల్లు వెడలి, రెండు బస్సులు మారి వచ్చి, వరుసలో రెండు గంటలు నిలిచెను. కౌంటరు వెనుకనున్న అమ్మాయి "కాగితము మీద ముద్ర లేదు, రేపు రండి" అనెను. ఆయనకు వినబడలేదు. ఆమె మరల అనెను. ఆయన "ఏమంటున్నావు?" అని గర్జించెను. ఆమె బెదరి లేచెను. వెనుక నున్నవారెవ్వరో నవ్విరి. ఆయన చేతికఱ్ఱతో బల్లపై కొట్టెను. కాపలావాడు వచ్చి వెనుకనుండి భుజము పట్టెను. తరువాతి కథ మనకు తెలియనిది కాదు: తోపులాట, కేకలు, పోలీసు వాహనము. ఆ దినమున ఆయనకు మందు దొరకలేదు. ఆ దినమంతయు ఆ అమ్మాయి చేతులు వణకుచునే యుండెను.

ఈ చిన్న కథలో ఆపదగిన చోటులు నాలుగు కలవు. ఏండ్ల తరబడి ఫిరంగుల ప్రక్కన నిలిచినవానికి వినికిడి తగ్గుట వైద్యశాస్త్రము ఎరిగిన విషయమే. చెవి మందగించినవాడు తన గొంతు తనకు వినబడక బిగ్గరగా మాటలాడును. ఎదుటివానికి అది కోపముగా తోచును. ఎదురుగ నిలిచి, ముఖము కనబడునట్లు, నెమ్మదిగా చెప్పినచో మొదటి చిక్కు అచ్చటనే తీరును. ముద్ర లేని కాగితమునకు పరిహారము ఒక టెలిఫోను పిలుపు. వృద్ధుని మరల రెండు బస్సులు ఎక్కించుట కాదు. నవ్వు వినబడగనే ఆయనను పదిమంది కన్నులనుండి తప్పించి ప్రక్క గదిలో కూర్చుండబెట్టినచో పరువు నిలిచెడిది; పరువు నిలిచినచోట కోపము దిగును. ఇక కడపటిది: కలతచెందిన మనుష్యుని వెనుకనుండి వచ్చి పట్టుకొనరాదు. కాపలావానికి ఈ సంగతి ఎవ్వరును చెప్పియుండలేదు. తప్పు వానిది కాదు, చెప్పనివారిది.

కోపముగా కనబడునదంతయు కోపము కాదు. తుంటి యెముక విరిగి వార్డులో చేరిన వృద్ధ సైనికుడు రెండవ దినమువరకు నెమ్మదిగా నుండి, మూడవ రాత్రి సూదిని పెరికివేసి, లేని సిపాయిలకు ఆజ్ఞలిచ్చుచు లేచి పరుగిడవచ్చును. నిత్యము రమ్ము పుచ్చుకొను అలవాటుగలవానికి అది హఠాత్తుగ ఆగిపోయినపుడు రెండు మూడు దినములలో ఇట్టి సన్నిపాతము కలుగుట కద్దు. చికిత్స లేనిచో ప్రాణాంతకము కూడ. రక్తమున చక్కెర పడిపోయినను, ఊపిరి చాలకున్నను, మూత్రము బంధించినను, లోపల చీము పట్టినను మతి చెదరును. మతిమరపు వ్యాధి గలవారు పొద్దు గ్రుంకువేళ మరింత కలత చెందుదురు. ఇట్టి రోగిని త్రాళ్లతో కట్టి, తిట్టి, ఇంటికి పంపివేయుట యనగా రోగలక్షణమును నేరముగా నెంచి శిక్షించుటయే.

మనస్సునకు తగిలిన గాయముల చరిత్రయు ఇట్టిదే. మొదటి ప్రపంచయుద్ధమున గుండ్ల వర్షము క్రింద వణకిపోయిన సైనికులనుగూర్చి 1915లో చార్లెస్ మైయర్స్ అను వైద్యుడు 'లాన్సెట్' పత్రికలో వ్రాయుచు 'షెల్ షాక్' అను మాటను వాడెను. ఆ యుద్ధముననే పిరికితనము, పలాయనము మున్నగు నేరములకై బ్రిటిషు సైన్యము తన సిపాయిలను కాల్చి చంపినది. అట్టి 306 మందికి 2006లో, అనగా సుమారు తొంబదియేండ్ల పిదప, బ్రిటిషు ప్రభుత్వము క్షమాపణ ప్రసాదించినది. యుద్ధము ముగిసిన యేండ్లకు కూడ వదలని ఆ వేదనకు అమెరికా మానసిక వైద్యుల సంఘము 1980లో గాని ప్రత్యేక వ్యాధిగా స్థానమీయలేదు. అట్లని ప్రతి మాజీ సైనికుడును కలతచెందినవాడని యెంచుట మరియొక అన్యాయము. సైనికులలో అత్యధికులు నెమ్మదిపరులు, నియమబద్ధులు. ఆ వేదన కలవారిలో సహితము ఇతరులపై చేయి చేసికొనువారు కొలదిమందియే. ఆ కొలదిమందికొరకే ఏర్పాటు కావలెను.

ఇంతవరకు రోగి పక్షము చెప్పితిమి. రెండవ పక్షమును చెప్పకున్నచో ధర్మము తప్పినవారమగుదుము. వైద్యశాలలో పనిచేయువారు దెబ్బలు తినుటకు జీతము పుచ్చుకొనుట లేదు. రాత్రి కాన్పుల వార్డులో ఒంటరిగా నున్న నర్సు, ముప్పదిగంటలు నిద్రలేని యువవైద్యుడు, కౌంటరు వెనుక నున్న చిన్న యుద్యోగి - వీరును తల్లిదండ్రుల బిడ్డలే. 2020 జూన్ నెలలో గాంధీ ఆసుపత్రిలో వైద్యునిపై దాడి జరిగినందున యువవైద్యులు విధులు మాని రోడ్డుపై కూర్చుండిరి. 2024లో కలకత్తా ఆర్.జి.కర్ వైద్యశాలలో వైద్యురాలి హత్య జరిగిన పిదప వైద్యసిబ్బంది రక్షణకై సుప్రీముకోర్టు జాతీయ సంఘమునే నియమించవలసి వచ్చినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2008లోనే ఇందుకొక చట్టము వచ్చినది: వైద్యసిబ్బందిపై దౌర్జన్యము చేసినవారికి మూడేండ్లవరకు ఖైదు, యాబదివేల రూపాయలవరకు జరిమానా. ఆ చట్టము ఉండవలసినదే. ఆయుధము పట్టినవానిని పోలీసులు ఆపవలసినదే. కాని చట్టము దెబ్బ తగిలిన పిమ్మట మేల్కొనును. దెబ్బ తగులకమునుపు చేయవలసిన పని యొకటి కలదు. ఆ పనికి మన ఆసుపత్రులలో సాధారణముగ మనిషి లేడు.

ఇతరదేశముల యనుభవమును చూతము. అమెరికాలో మాజీ సైనికుల వైద్యమును ప్రభుత్వమే స్వయముగా నడపుచున్నది. ఆ శాఖలో 1926 జూన్ నెలలో 36 మంది సంఘసేవకులను నియమించిరి. వారిలో 14 మంది మానసిక వైద్యశాలలలోను, 22 మంది ప్రాంతీయ కార్యాలయములలోను పనిచేసిరి. నేడు ఆ వృత్తివారు అచ్చట వేలకొలది యున్నారు. ఆరెగాన్ రాష్ట్రమున పోర్ట్‌లండ్ నగరపు సైనిక వైద్యశాలవారు 1980 దశాబ్దమున ఒక పద్ధతి కనిపెట్టిరి. మునుపు దౌర్జన్యము చేసిన రోగి దస్త్రముపై ఒక గుర్తు వేయుదురు. ఆయన వచ్చుచున్నాడని తెలియగనే సిబ్బంది తగిన మనుష్యులతో, తగిన గదితో సిద్ధపడుదురు. చికిత్స మాత్రము ఆగదు. 1989లో అమెరికా వైద్యసంఘ పత్రికలో ప్రకటింపబడిన ఫలితమును బట్టి ఆ రోగులవలన కలుగు దౌర్జన్యములు నూటికి 91కి పైగా తగ్గినవి.

అంతకంటె ముఖ్యమైనది 2010లో అచ్చట వచ్చిన నియమము. అల్లరి చేసిన మాజీ సైనికునికి వైద్యమును నిరాకరించుటకు వీలులేదు. ఎప్పుడు, ఎచ్చట, ఏ రీతిని ఇచ్చుటో మాత్రము వైద్యశాల నిర్ణయింపవచ్చును: ఫలాని గంటకు రావలెను, ఫలాని ద్వారమున రావలెను, కాపలావాడు వెంట నుండును, ఒకే వైద్యుడు చూచును - ఇట్టివి. ఆ యాజ్ఞను వ్రాతమూలకముగా, కారణములతో రోగికీయవలెను. ఆయన ముప్పది దినములలో పై యధికారికి అప్పీలు చేసికొనవచ్చును. దస్త్రముపై గుర్తు శాశ్వతము కాదు. రెండేండ్లకొకమారైనను దానిని తిరిగి పరిశీలింపవలెను. ఈ నిర్ణయములు చేయు సంఘములో వైద్యులు, నర్సులు, పోలీసులతోపాటు సంఘసేవకులకును చోటున్నది. గుర్తు వేయుట సులభము, తుడుచుట కష్టము. కనుకనే అప్పీలు, గడువు అను రెండు కంచెలు నాటిరి.

అమెరికావారి యేర్పాటు నిర్దోషమని మేము చెప్పము. 2014లో ఫీనిక్సు నగరపు సైనిక వైద్యశాలలో రోగులు నెలల తరబడి వేచియున్న సంగతిని దాచుటకు దొంగజాబితాలు వ్రాసిరని బయటపడి, ఆ శాఖామాత్యుడే రాజీనామా చేసెను. అది మనకును పాఠమే. రోగి కోపమునకు కారణము పలుమారు కార్యాలయముననే యుండును. మన ఇ.సి.హెచ్.ఎస్. పథకముపై 2015లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరలువారు ప్రత్యేక నివేదికనే వెలువరించిరి. బిల్లులు రాలేదని ఆసుపత్రులును, మందులు లేవని పింఛనుదారులును మొరపెట్టుకొనుట అనేక పర్యాయములు విన్నదే. దస్త్రపు టాలస్యముచే పుట్టించిన కోపమును పోలీసులచే అణచుట న్యాయము కాదు.

మనదేశమున ఈ విద్య క్రొత్తది కాదు. బొంబాయిలో 1936లోనే సర్ దోరాబ్జీ టాటా పేర సంఘసేవ కళాశాల వెలసినది, 1946లో జె.జె. ఆసుపత్రిలో తొలి వైద్య సంఘసేవకుని నియామకము జరిగినది. హైదరాబాదున రోడా మిస్త్రీ కళాశాల ఈ విద్యనే బోధించుచున్నది. 2017 మానసిక ఆరోగ్య చట్టము మానసిక సంఘసేవకుని వృత్తిని నిర్వచించుటయే గాక, రోగిని కట్టివేయుటకు కఠినమైన హద్దులు గీచినది: ఆసన్నమైన హానిని తప్పించుటకు వేరొక మార్గము లేనపుడు మాత్రమే, మానసిక వైద్యుని యనుమతితో, అత్యవసరమైనంత సేపు మాత్రమే, కారణము దస్త్రమున వ్రాయవలెను, రోగి నియమించుకొన్న ప్రతినిధికి ఇరువదినాలుగు గంటలలో తెలుపవలెను. శిక్షగా గాని, సిబ్బంది చాలరను నెపమున గాని కట్టరాదు. ఏకాంతమున బంధింపనే రాదు. చట్టమున్నది, విద్య యున్నది, చదివినవారున్నారు. పాలీక్లినిక్కు ఉద్యోగుల పట్టికలో వైద్యుడు, దంతవైద్యుడు, ఫార్మసిస్టు, గుమాస్తా, డ్రైవరు, చౌకీదారు ఉన్నారు. సంఘసేవకుని పేరు మాత్రము కానరాదు.

ఆ మనిషి చేయు పని యేమి? బుజ్జగింపు మాత్రమే యనుకొనుట పొరబాటు. మొదట ఆయన రోగిని ప్రక్క గదికి తీసికొనిపోవును, ద్వారము ఇద్దరికిని తెరచియుండునట్లు కూర్చుండును, ఒక్కడే మాటలాడును, "మీ పటాలమేది?" అని అడిగి ముందు వినును. ఆకలియా, నొప్పియా, త్రాగుడు మానిన వణకా, వినికిడి లోపమా యని గమనించి వైద్యునికి తెలుపును. పిదప ఇంటివారితో మాటలాడును: కుమారుడు దూరదేశముననున్నాడా, భార్య గతించినదా, పింఛను కాగితములు ఆగినవా? జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు తానే వ్రాయును. కడపట రోగితో కూర్చుండి ఒక యొడంబడిక వ్రాయును: "మీకు ఇన్ని గంటలకు ఈ వైద్యుడు చూచును, మీరు కేకలు వేయరు, కఱ్ఱ యెత్తరు, ఎత్తినచో ఇది జరుగును." ఇది జాలి కాదు, క్రమశిక్షణ. సైనికుడు ఎరిగిన భాషయే అది. దెబ్బ తిన్న నర్సు కడకు కూడ ఆయనయే పోవును. ఆమె మొరను దస్త్రమున కెక్కించును.

కొందరాక్షేపింతురు. "నోరు పెద్దది చేసినవానికి ప్రత్యేక మర్యాదయా? మౌనముగా వరుసలో నిలిచినవాని గతి యేమి?" ఆక్షేపణ సమంజసమే. అందుకే వరుసను దాటించుట ఈ పనిలో భాగము కారాదు. కోపిష్ఠికి మందు ముందుగా దొరకినచో రేపటికి అందరును కోపిష్ఠులగుదురు. సంఘసేవకుడు ఒకని కోపమున కనిపెట్టిన లోపమును - వినబడని పిలుపు, ముద్ర లేని కాగితము, నీడ లేని వరుస - అందరికొరకు సరిదిద్దించినపుడే ఆ పనికి సార్థకత. ఇక ధనము లేదను వారికి మా సమాధానము చిన్నది. ఒక్క దాడి జరిగి వైద్యులు పని మానిన దినమున ఎన్ని శస్త్రచికిత్సలు ఆగినవో లెక్కవేసికొని, అప్పుడు ఒక మనిషి జీతమును దాని ప్రక్కన వ్రాసి చూడుడు.

కావున మేము కోరునవి ఇవి. గడ్డిఅన్నారము మొదలుకొని ప్రతి పెద్ద వైద్యశాలలోను, ముఖ్యముగా అత్యవసర విభాగమున, పగలును రాత్రియు సంఘసేవకుడుండవలెను. పాలీక్లినిక్కుల యుద్యోగ పట్టికలో ఆ పేరు చేర్చవలెను. అల్లరి చేసిన రోగినిగూర్చి నిర్ణయించుటకు వైద్యుడు, నర్సు, సంఘసేవకుడు, ఒక మాజీ సైనికుడు గల చిన్న సంఘముండవలెను. దాని యాజ్ఞ వ్రాతలో నుండవలెను, గడువు గలదిగా నుండవలెను, అప్పీలునకు లోబడవలెను. చికిత్స నిరాకరణము ఆ సంఘమునకు కూడ అధికారము కాని విషయముగా నుండవలెను. కాపలావారికి, కౌంటరు ఉద్యోగులకు ఈ విద్యలో శిక్షణ యీయవలెను.

ప్రభుత్వముతోనే పని తీరదు. ఆసుపత్రి అభివృద్ధి సంఘములలో సభ్యులుగానున్న మన పట్టణ ప్రముఖులు ఈ ప్రస్తావనను సభలో తేవచ్చును. గ్రామములలోని భూస్వాములు తమ యూరి మాజీ సైనికుడు నగరపు వైద్యశాలకు పోవునపుడు చదువుకొన్న యువకుని ఒకనిని తోడు పంపవచ్చును. సగము తగవులు తోడులేని వృద్ధునివద్దనే పుట్టును. పంద్రాగస్టు నాడు పూలమాల వేసి, మరునాడు వరుసలో నిలిచినవానిని ఎరుగనట్లు పోవుట మర్యాద గాదు.

సరిహద్దునందు ఆ మనుష్యుడు మనకై మేల్కొని యుండెను. మనమెవ్వరమో ఆయన యెరుగడు, అయినను కాపాడెను. ఆయన వృద్ధుడై, చెవి మందగించి, మతి చెదరి, మన కౌంటరు ముందు నిలిచి కేక వేసినపుడు, ఆ కేకలోని రోగమేదో కనుగొనగల మనిషి నొకనిని అచ్చట నిలుపుట మన బాధ్యత. ఆ అమ్మాయి చేతులు వణకకుండ చూచుటయు మన బాధ్యతయే. ఈ రెండు బాధ్యతలును ఒక్క యుద్యోగిచే నెరవేరునపుడు ఆ యుద్యోగిని ఇంకను నియమింపకుండుటకు హేతువేమో పాలకులే ప్రజలకు చెప్పవలెను.